రబ్బరు తొడుగు సంగతి

మంగళవారం, ఫిబ్రవరి 18

ఈరోజు నా కోపం వల్ల మస్తాన్‌బీ అత్తకు అన్యాయం జరిగింది.

చూపులేని వాళ్ల కోసం తయారుచేస్తున్న చేతికర్రను అత్తకిచ్చి, నడిపించి చూడడానికి కాలేజీ నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఎదురుగా ఏదైనా అడ్డుంటే ఆ కర్ర పిడి వణుకుతుంది. కల్లం దగ్గర ఆగివున్న ట్రాక్టరు సంగతి కర్ర ముందే చెప్పింది. నేల మీద ఆరబోసిన మిరపకాయల్ని మాత్రం పసిగట్టలేదు. అత్త వాటిని తొక్కేసింది. కూలీలు నవ్వారు.

నాకు ఒళ్లు మండింది. "మీ ప్రయోగాలకు మా పేదవాళ్లే దొరికారా?" అంటూ కూలి సంఘం కరపత్రాల్లో చదివిందంతా ఆ అమ్మాయి మీద కుమ్మరించాను. ఆమె కళ్లు తుడుచుకుని, కర్ర తీసుకుని వెళ్లిపోయింది.

"నన్నొక్క మాట అడిగావట్రా?" అంది అత్త. "కర్ర కింద రబ్బరు తొడుగు తీసెయ్యమ్మా, కొన తగిలితే కాయల గలగల నాకు వినపడుద్ది అని చెప్పబోయా. నువ్వు చెప్పనిస్తేగా! ఇన్నేళ్లకి ఇవ్వాళ ఒక్కదాన్నే కల్లం దాకా నడిచా. రేపు మళ్లీ కోడలి చెయ్యి పట్టుకోవాల్సిందేగా?"

అత్త కోడలి దగ్గర ఆ అమ్మాయి నంబరు తీసుకున్నాను.

రెండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. క్షమించమని అడిగి, అత్త చెప్పిన రబ్బరు తొడుగు సంగతి మెసేజ్ పెట్టాను. ఇంకా చూడలేదు.

పొద్దున్నే అత్త అడుగుతుంది, ఏమందిరా ఆ పిల్ల అని.