నేను లేని స్టేజీ మీద నా గొంతు

బోధన్, శుక్రవారం రాత్రి

వెళ్లకుండా ఉండాల్సింది. రఫీక్ మా రాక్ బ్యాండ్‌ను చీల్చి, అదే పేరుతో వేరే జట్టు కట్టుకుని మూడు నెలలైంది. ఇవాళ సాయంత్రం నిజామాబాద్‌లో వాళ్ల షో. బ్యానర్ మీద మా పేరుకు ముందు ‘ఒరిజినల్’ అని కూడా రాయించుకున్నాడు. సిగ్గులేని మనిషి!

పాతికేళ్లు ప్రతి పాటా నా లెక్కతోనే మొదలయ్యేది. డ్రమ్స్ వెనక నుంచి ‘ఏక్, దో, తీన్’ అని అరిచేవాణ్ణి. ‘చార్’ మాత్రం ఎప్పుడూ అనలేదు. ఆ చోటు రఫీక్ గిటార్‌ది.

ఇవాళ స్పీకర్లలోంచి నా గొంతే వినిపించింది. పాత రికార్డింగు. నాలుగో దెబ్బకు వాడు సరిగ్గా అందుకున్నాడు.

షో అయ్యాక నిలదీశాను.

“నీ లెక్క లేకుంటే నాకు చెయ్యి లేస్తలేదన్నా. ఏం జెయ్యమంటవ్?” అన్నాడు గిటార్ సర్దుకుంటూ.

“నా గొంతు గావాలె, నేనొద్దా?” అన్నాను.

వాడు గిటార్ సంచి జిప్పు లాగేశాడు.

తిరుగు బస్సులో కిటికీ చువ్వ మీద వేళ్లతో దరువేస్తూ కూర్చున్నాను. ఏక్, దో, తీన్... పక్కనాయన ఉలిక్కిపడి చూశాడు. పాతికేళ్లు రఫీక్ కోసం దిగమింగుకున్న ‘చార్’ నేనే అనేశాను.