అందరికంటే వెనక వచ్చే కారు

నాన్నా,

లేవగానే కంట్లో చుక్కలు వేసుకో. సీసా ఫ్రిజ్ తలుపులో ఉంది. టిఫిన్ హాట్‌ప్యాక్‌లో పెట్టాను. ఆపరేషన్ అయిన కన్ను రుద్దకు, వంగి ఏమీ ఎత్తకు. రెండో కంటితోనే చదవాలి కదా అని ఇంత లావు అక్షరాలు రాస్తున్నాను.

కారు నేను తీసుకెళ్తున్నాను. అరవకు. మీ పాతకాలపు కార్ల క్లబ్బు వాళ్ళు ఇవాళ పల్లెల వైపు షికారు వెళ్తుంటే, నువ్వు రాలేవని మన కారు షెడ్డులో ముసుగేసుకుని కూర్చోవాలా? నువ్వు చెప్పినట్టే చోక్ లాగి, ఇంజను వేడెక్కడానికి వదిలాను. ఆ చప్పుడుకి నువ్వు లేచేలోపు బయటపడాలి. ఊళ్ళో సగం మందికి డ్రైవింగ్ నేర్పిన మాస్టారివి, నా పక్కన కూర్చుంటే మాత్రం లేని బ్రేకు తొక్కుతూనే ఉంటావు.

ఊరు దాటే ముందు కార్లన్నీ మన వీధిలోంచి తిప్పమని క్లబ్బు పెద్దాయన్ని బతిమాలాను. "మాస్టారి కోసమైతే ఊరంతా చుట్టేద్దాం పదమ్మా" అన్నారు. తొమ్మిదింటికి నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని గేటు దగ్గర కుర్చీ వేసుకో. అందరికంటే వెనక వచ్చేది మనదే. సరిగ్గా కనపడకపోయినా చప్పుడు నీకు తెలుస్తుంది.

కారు మీద చిన్న గీత కూడా పడకుండా తెస్తాను.

సోఫా మీది దిండు కోసం వెతక్కు. పెడల్స్ కాళ్ళకి అందక నడుము వెనక పెట్టుకున్నాను. నీ సీటు ముందుకి జరపడానికి మనసొప్పలేదు.