ఆరేసి చూసిన ఇల్లు

అక్కా, మేమిద్దరం బాగానే ఉన్నాం, కార్డు చూసి కంగారుపడకు.

ఊరి చివర, బస్సు ఆగిపోయే చోట ఇల్లు చూశామని రాశాను కదా. అద్దె ఇప్పటిదాంట్లో సగం. "అంత చవగ్గా ఇస్తున్నారంటే ఏదో లోపం ఉండే ఉంటుంది" అని మీ మరిది ఒకటే నస. అక్కడా ఫ్యాక్టరీ పొగ ఉందేమోనని నాకూ గుండెల్లో రాయి పడింది. పాప దగ్గుకి భయపడే కదా, ఏడాదిన్నరగా దాన్ని నీ దగ్గర ఉంచింది! పన్నెండేళ్లుగా లాండ్రీలో తెల్లబట్టలు ఉతుకుతున్నదాన్ని, గాలి ఎలాంటిదో నాకు బట్టే చెప్పాలి. అందుకే ఆదివారం పొద్దున్నే తడి దిండు గలీబు ఒకటి సంచిలో వేసుకెళ్లి, ఆ ఇంటి పెరట్లో దండెం మీద ఆరేశాను. మీ మరిది సిగ్గుతో చచ్చిపోయాడు. పక్కింటి పెద్దావిడ గోడ మీంచి చూసి, "ఇల్లు చూడ్డానికొచ్చి బట్టలారేస్తున్నావేంటమ్మా?" అంది. సంగతి చెప్తే కుర్చీ తెచ్చిచ్చింది. సాయంత్రం దాకా కూర్చున్నాను. ఇక్కడైతే గంటలో మసి పడుతుంది, అక్కడ ఒక్క నలక లేకుండా ఆరింది. ప్రాణం కుదుటపడిందనుకో. పనికి బస్సులో గంటంపావు, అయితేనేం, ఎక్కేది మొదటి స్టాపులో, కూర్చునే వెళ్తాను.

ఒకటో తారీఖున మారుతున్నాం. పాప చెప్పులు ఇప్పుడు ఎన్నో నంబరో రాయి. బావగారి మోకాలు ఎలా ఉంది? ఆయనకి నమస్కారాలు, పాపకి ముద్దులు.

దాన్ని పంపమంటే నీకెంత కష్టమో నాకు తెలుసు. నువ్వే తీసుకొచ్చి దిగబెట్టు, నెల్రోజులుండు. దండెం పొడుగ్గానే ఉంది, నీ బట్టలకీ చోటుంది.

నీ చెల్లి