బొటనవేలి గీతలు

ఆర్మూర్,
శుక్రవారం.

అక్కకు గంగామణి నమస్కరించి రాస్తున్నది.

నువ్వు, అమ్మ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? మేమిక్కడ బాగానే ఉన్నాం. ఫోన్ చేయక ఉత్తరం ఎందుకంటే, మాది ఒకటే గది. నేను మాట్లాడే ప్రతి మాటా మీ మరిదికి వినబడుతుంది. మీ ఊరి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను, రేపటికల్లా నీకు అందుతుంది.

గోదావరి దాటి వచ్చి ఇన్నాళ్లయినా ఈ ఊరు నాకు అలవాటు కాలేదు. ఇవి మార్కెట్‌కు పసుపు పంట వచ్చే రోజులు. బట్టలు ఆరేస్తే సాయంత్రానికి పచ్చటి పొడి పడుతుంది. ఎండకు రాతిగుట్టలు కాగి, పొద్దుగూకినా సెగ తగ్గదు. ఆయన లారీ తోలినన్నాళ్లు మార్కెట్ నుంచి వెళ్లే పసుపు లోడే మాకు అన్నం పెట్టింది. పక్షవాతంతో కుడిచేయి పడిపోయాక, వీధిలో లారీ హారన్ మోగితే చాలు, ముఖం గోడవైపు తిప్పుకుంటాడు. మొదట్లో వచ్చిపోయిన డ్రైవర్లు ఇప్పుడు రావడం లేదు.

నేను చుట్టే బీడీలతో ఇల్లు గడవదు. అందుకే లారీ నడపడం నేర్చుకోబోతున్నాను. నవ్వకు. ఆడవాళ్లకు ఉచితంగా నేర్పి, ఉండే చోటూ తిండీ ఇచ్చి, తర్వాత తమ బండ్ల మీదే పని ఇచ్చే కంపెనీలున్నాయి. ఆయన ఎప్పుడో పట్టుబట్టి తీయించిన కారు లైసెన్సు నాకుంది కదా. రెండు కంపెనీలకు ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగాను. దారిలో బండి ఆగిపోతే ఆడమనిషి ఎక్కడ పడుకోవాలంటే మొదటి చోట నవ్వారు. రెండో చోట, బండికి ఇద్దరు ఆడవాళ్లను పంపుతామన్నారు. వాళ్ల డ్రైవింగ్ స్కూలు హైదరాబాద్ అవతల ఉన్నా, నేర్చుకున్నాక రెండేళ్లు వాళ్ల దగ్గరే చేయాలన్నా, అదే ఖాయం చేసుకున్నాను.

చెప్పగానే ఆయన, “చాటల ఆకు కత్తిరించుకుంట కూసునేదానివి, పది చక్రాల బండి తోలుతవా? ఘాట్ల ఎనక్కి జారితే ఏం జేస్తవ్, కత్తెర అడ్డం వెడ్తవా?” అన్నాడు.

“నువ్వు నేర్పితే నీ దగ్గర నేర్చుకుంట. లేకుంటే ఆడ నేర్చుకుంట” అన్నాను.

స్కూలుకు నా వివరాలు పంపడానికి ఆన్‌లైన్ సెంటర్‌కు వెళ్తే మెషిన్ నా వేలిముద్ర తీసుకోలేదు. అక్కడి అమ్మాయి నా చేయి తిప్పి చూసి, “బీడీలు చేస్తవా అక్కా? గీతలే లేవు గదా! నెల రోజులు చుట్టుడు బంద్ వెట్టి, నూనె రాసుకొని మళ్ల రా” అంది. స్కూల్లో రోజూ హాజరు వేలితోనే. అది పడకపోతే చేర్చుకోరు.

బీడీల చాట అటక మీద పెట్టేశాను. ఊరికే కూర్చుంటే వేళ్లు వాటంతటవే ఒళ్లో కదిలేవి. ఆ కూలి డబ్బులూ లేక కూర ఒక్క పూటే వండాను. కొన్నాళ్లకు ఆయనే కొబ్బరినూనె సీసా మూత పళ్లతో తీసి, “చెయ్యి ఇటియ్యి” అన్నాడు. అప్పటి నుంచి రోజూ ఎడమచేత్తో నా వేళ్లకు రుద్దాడు. రుద్దుతూనే బండి నేర్పాడు.

“ఏ గేరుల ఘాట్ ఎక్కితివో గా గేరులనే దిగాలె. ఉత్త బ్రేకును నమ్ముకోకు. గేరంటె బీడీకి దారం చుట్టినట్టు గాదు, ఇంటున్నవా?”

“ఇంటున్న గురువుగారూ, వేలు ఇరగ్గొట్టకు” అన్నాను. ఈ గదిలో మేమిద్దరం నవ్వి ఎన్నాళ్లయిందో.

నిన్న వేలిముద్ర పడింది. సోమవారం బయలుదేరాలి. విని సంతోషించాడు. సాయంత్రం అలవాటు కొద్దీ చేయి చాపాను. ఆయన సీసా అందుకోలేదు.

“పడ్డది గదా. ఇగ నా చేతికి పనేమున్నది” అన్నాడు.

అక్కా, నాకు లారీ అంటే భయం లేదు. ఆ మాటంటేనే భయంగా ఉంది. అమ్మను తీసుకొని ఆదివారానికి రా. గది ఇరుకే, నేను నేర్చుకొని వచ్చేదాకా ఇక్కడే సర్దుకోండి. నీ బీడీ చాట తెచ్చుకో. ఆకు తడపమనో, కట్టలు అందించమనో, ఎడమచేత్తో అయ్యే పని ఏదో ఒకటి ఆయనకు చెప్పు. చేతకాదంటాడు, కసురుతాడు. అయినా రోజూ చెప్పు. నేను రాశానని మాత్రం అనకు.

అమ్మ పాదాలకు నా దండాలు. బండెక్కే ముందు ఆమె చేయి నా తల మీద ఉండాలి. మేం బాగానే ఉన్నాం, ఫికర్ చేయకు. ఆదివారం మాత్రం తప్పకు.

నీ చెల్లె,
గంగామణి