పదకొండో అధ్యాయం సూప్

ఫిబ్రవరి 9, ఆదివారం

వదిన ఫోన్ చేసింది. ఏదో ప్రేమ నవల చదువుతోందట. అందులో తిండి గురించి వచ్చినప్పుడల్లా నేనే గుర్తొస్తున్నానట. రాసిందెవరని అడిగాను. కాసేపు నీళ్లు నమిలి, మీ ఆయనే అంది. వెంటనే నాలిక్కరుచుకుని, అదే, మీ పాత ఆయన అంది.

నేను చచ్చినా చదవనని చెప్పాను.

ఫిబ్రవరి 10

కొన్నాను.

ఫిబ్రవరి 13, ఉదయం

అయిపోయింది. ఒళ్లు మండిపోతోంది.

కథ పెద్దగా ఏం లేదు. ఒంటరి మగాడు. పక్క వాటాలో దిగిన డెంటిస్టు. ఆవిడ వండుతుంది, ఇతను తింటాడు, ప్రేమ పుడుతుంది. నవల్లో డెంటిస్టుకి ఎడమ బుగ్గ మీద సొట్ట ఉంది. ఇప్పుడు ఆయనతో ఉంటున్న డెంటిస్టుకీ ఎడమ బుగ్గ మీదే సొట్ట ఉందని వదిన చెప్పింది. ఆవిడ బుగ్గ ఆవిడిష్టం. కానీ ఆవిడ చేత వండించినవన్నీ నావి. ఆదివారం పొద్దున్నే నిన్నటి బ్రెడ్డుని గుడ్డులో ముంచి కాల్చింది నేను. చేపకి ముందే మిరియాలు పట్టించి వెన్నలో వేయించింది నేను. హీరోకి జ్వరమొస్తే హీరోయిన్ ఆపిల్ ముక్కలు ఉడికించి తినిపిస్తుంది. ఆ జ్వరం ఈయనది, ఆ ఆపిల్ నాది, అంచు విరిగిన ఆ నీలం గిన్నె కూడా నాదే. దాన్నీ వదల్లేదు మహానుభావుడు.

పదకొండో అధ్యాయంలో సూప్ ఉంది. పాలు, బంగాళాదుంప, ఎర్రగా వేగిన ఉల్లిపాయ, నిమ్మ. నవల్లో ఆ సూప్ తాగిన రోజే వాళ్లిద్దరూ ఒకటవుతారు. మా ఇంట్లో జరిగింది వేరు. మొదటి గిన్నె తాగాడు. బాగుందన్నాడు. రెండోసారి వడ్డించుకుని తాగి, మూతి తుడుచుకుని, వెళ్లిపోతున్నానని చెప్పాడు. ఆ రెండు గిన్నెల మధ్య చెప్పొచ్చుగా? చెప్పలేదు. కడుపు నిండాక చెప్పాడు.

ఇంకోటి కూడా రాసుకోవాలి. నవల్లో హీరో పొయ్యి పక్కన నిలబడి ఆవిణ్ణి అలా చూస్తూ ఉండిపోతాడు. తిన్నాక గిన్నెలు కడుగుతాడు. నా ఎనిమిదేళ్ల కాపురంలో ఈయన వంటింట్లోకి వచ్చింది ఫ్రిజ్ తెరవడానికి మాత్రమే. ఆ పేజీ దగ్గర ఏడ్చాను. వదినకి చెప్పను.

ఫిబ్రవరి 14

బస్సులో ఇద్దరమ్మాయిలు ఆ నవలే చదువుతూ, ఇలా వండిపెట్టే మనిషి దొరికితే ఇంకేం కావాలి అనుకుంటున్నారు. ఒక స్టాప్ ముందే దిగి నడిచాను.

ఫిబ్రవరి 20

మా కేటరింగ్ కిచెన్‌లో రేడియో ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది. ఇవాళ అందులోంచి రచయిత గారు ఊడిపడ్డారు. నవల్లోని వంటలన్నీ తానే స్వయంగా చేసి చూసుకుని రాశాడట. వంటే తన ధ్యానమట. యాంకర్ ఆహా అంది, ఓహో అంది. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. కత్తి పక్కన పెట్టేశాను.

ఫిబ్రవరి 26

మా బాస్‌కి మేం పెట్టుకున్న పేరు తొందర. ఇవాళ లోపలికొస్తూనే పెద్ద ఆర్డర్ అన్నాడు. ఒక నవల బాగా అమ్ముడుపోతోందట, పబ్లిషరమ్మ సభ పెట్టి అందరికీ భోజనం పెడుతుందట. పదకొండో అధ్యాయంలోని భోజనమే పెట్టాలట. సూప్, చేప, పుడ్డింగ్. పుస్తకంలో ఎలా ఉందో అలాగే చేయాలి, అక్షరం పొల్లు పోకూడదు అందట ఆవిడ. పాఠకులు ఆ పేజీ తెరిచి పెట్టుకుని మరీ తింటారట.

రాసినాయన నాకేమవుతాడో బాస్‌కి తెలీదు. పెళ్లి సంగతులు నేను కిచెన్‌లోకి తీసుకురాను. హెడ్ కుక్‌ని కాబట్టి మొత్తం నేనే దగ్గరుండి చేస్తానన్నాను. బాస్ తెగ సంతోషపడ్డాడు.

ఇంటికొస్తూ దారంతా ఆలోచించాను. గుప్పెడు ఉప్పు దగ్గర మొదలై విరేచనాల మాత్ర దాకా వెళ్లాను. కానీ ఆయన మీద కోపంతో నా వంట నేనే చెడగొట్టుకుని చెడ్డపేరు మోయాలా? మోయను.

ఫిబ్రవరి 28, సాయంత్రం

దొరికాడు.

ఇప్పటిదాకా ఆ అధ్యాయాన్ని పెళ్లాంలా చదివాను. ఇవాళ వంటమనిషిలా చదివాను. హీరోయిన్ పాలు పొయ్యి మీద పెట్టి మరుగుతుండగా ముందు నిమ్మకాయ పిండుతుంది. తర్వాత ఉల్లిపాయ వేస్తుంది. ఆఖర్న బంగాళాదుంప ముక్కలు వేసి వెంటనే దించేస్తుంది.

మూడుసార్లు చదివితే గానీ అర్థం కాలేదు. తర్వాత నవ్వాగలేదు. నేను నిమ్మరసం ఆఖర్న, వడ్డించిన గిన్నెలో, పైన నాలుగు చుక్కలు వేస్తాను. పైన ఉంటుంది కాబట్టి నాలుకకి ముందు అదే తగులుతుంది. ఆ తర్వాత ఉల్లిపాయ. మెత్తగా ఉడికి కలిసిపోయిన దుంప ఆఖర్న తెలుస్తుంది. ఈయన తిన్న వరుసలో వండించాడు! టేబుల్ దగ్గర కూర్చుని తినడం తప్ప ఏమీ తెలియని మనిషి అంతకంటే ఎలా రాస్తాడు?

చేపా అంతే. మిరియాల ఘాటు గొంతులో ఆఖర్న తెలుస్తుంది కాబట్టి, నవల్లో చేప దించాక గుప్పెడు మిరియాలు గుమ్మరిస్తుంది. పుడ్డింగ్ ఒక్కటే సరిగ్గా కుదిరి చచ్చింది. కరిగించిన పంచదార అడుగున ముందు పోస్తాం, బోర్లిస్తే పైకొచ్చి నోటికీ అదే ముందు తగులుతుంది. అది ఆయన అదృష్టం. పోనీలే.

నేనేం చెడగొట్టక్కర్లేదు. రాసింది రాసినట్టు వండితే చాలు.

మార్చి 4

డెంటిస్టు వచ్చింది.

మధ్యాహ్నం పూట ఒక్కతే కిచెన్ తలుపు దగ్గర నిలబడింది. సొట్ట చూసి గుర్తుపట్టాను. నేను ఊహించుకున్న రాక్షసి ఇంకాస్త పొడుగు. ఈవిడ పొట్టిగా, అలసిపోయి ఉంది. నేనెవరో ఆవిడకి తెలీదు. ఆ విందు వండేది మీరేనా అండీ అని అడిగింది. ఇంట్లో ఆ సూప్ తను ఎన్నిసార్లు చేసినా కుదరడం లేదట. నవల పక్కన పెట్టుకునే చేస్తోందట. ఆయన ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని గిన్నె పక్కకి నెట్టేస్తాడట. పళ్లు పీకే చేతికి వంటేం వస్తుందిలే అంటాడట. ఇదంతా నవ్వుతూనే చెప్పింది కానీ సొట్ట పడలేదు. కాస్త నేర్పుతారా అని అడిగింది.

పుస్తకంలో ఉన్నట్టే చేయండమ్మా, అంతకంటే ఏముంది అన్నాను.

థాంక్స్ చెప్పి వెళ్లిపోయింది. పాపం అనిపించలేదు. కొంచెం అనిపించింది. ఆయన పోతూ పోతూ పట్టుకెళ్లిన నా నీలం గిన్నెలో ఆవిడ తింటోందేమో అనుకున్నాను. అంతటితో జాలి పోయింది.

మార్చి 8

నవల ప్రకారం చిన్న గిన్నెలో చేసి బాస్‌కి రుచి చూపించాను. పాలు విరిగి ముక్కలు ముక్కలుగా తేలుతున్నాయి, కింద దుంప కరకరలాడుతోంది. తొందర జీవితంలో మొదటిసారి నిదానంగా మింగాడు. ఇదేంటమ్మా అన్నాడు. పుస్తకం తెరిచి చూపించాను. మార్చమంటారేమో పబ్లిషరమ్మని అడగండి అని నేనే అన్నాను. అడిగాడు. రచయిత స్వయంగా చేసి చూసిన వంట అది, మీ వంటవాళ్లు వేలు పెట్టడానికి వీల్లేదు అందట.

బాస్ రెండు చేతులూ ఎత్తేశాడు. ఆర్డరిచ్చినవాళ్లు ఎలా అంటే అలాగే కానివ్వమన్నాడు.

మార్చి 15, ఉదయం 6

నిమ్మకాయలు నేనే వెళ్లి ఏరి తెచ్చాను. రసం బాగా ఉన్నవి.

మార్చి 16

నిన్నటిది మర్చిపోకముందే రాసేయాలి.

హాలు నిండా జనం. ప్రతి టేబుల్ మీదా పుస్తకం. సూప్ గిన్నెలు ముందు పెట్టేసరికి గుసగుసలు మొదలయ్యాయి. అప్పుడే పబ్లిషరమ్మకి ఉత్సాహం వచ్చి, వండిన చేతుల్ని చూద్దాం రండి అంటూ నన్ను స్టేజీ మీదకి పిలిచింది. ఏప్రన్‌తోనే వెళ్లాను.

ఆయన నన్ను చూశాడు. గిన్నెలోకి చూశాడు. మళ్లీ నన్ను చూశాడు. రంగు మారడమంటే ఏమిటో కళ్లారా చూశాను. మొదటి చెంచా రచయిత గారిదే అని పబ్లిషరమ్మ మైకు ఆయన మూతి దగ్గర పెట్టింది. ఫోన్లన్నీ పైకి లేచాయి. తాగాడు. గుటక పడిన చప్పుడు మైకులో వినిపించింది. అద్భుతం, నేను చేసుకున్నప్పుడు ఎలా ఉందో అచ్చం అలాగే ఉంది అన్నాడు.

చప్పట్లు కొట్టారు! విరిగిన పాలు ముందు పెట్టుకుని, ముఖాలు చిట్లించుకుంటూ, ఆహా అంటున్నారు. ఆయన అద్భుతమంటే అద్భుతమే. ఇంత చేసి ఓడిపోయానని, ఈ మనిషి జీవితాంతం నా సూప్ మీద ఇలాగే బతికేస్తాడని ఏడుపొచ్చింది.

అప్పుడు ముందు వరసలోంచి డెంటిస్టు లేచింది. చెంచా ఇంకా చేతిలోనే ఉంది. ఇది అచ్చం నేను చేసినట్టే ఉందే అంది. ఆవిడకి మైకు అవసరం లేదు. నేను ఇదే చేసి పెడితే కుక్క కూడా తాగదన్నావుగా, ఇక్కడ అద్భుతమెలా అయింది అని అడిగింది. గొడవ పెట్టుకోవడానికి అడిగినట్టు లేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. నువ్వు చేసి చూశానన్నావుగా, ఎప్పుడు చేశావు, మనింట్లో నువ్వు పొయ్యి వెలిగించగా నేనెప్పుడూ చూళ్లేదే అంది.

వెనక నుంచి ఒక పెద్దావిడ, మరిగే పాలల్లో నిమ్మకాయ ఎవరైనా పిండుతారా నాయనా అంది. ఒకరు నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. పేజీలు తిప్పుతున్నారు, చదువుతున్నారు, నవ్వుతున్నారు.

పబ్లిషరమ్మ ముఖం మాడ్చుకుని నా వైపు తిరిగింది. ఇదేం వంట అంది. నేను మైకు తీసుకుని, రచయిత గారిదేనమ్మా, అక్షరం పొల్లు పోలేదు అన్నాను.

చేప వడ్డించేసరికి ఆయన కుర్చీ ఖాళీ. పుడ్డింగ్ మాత్రం అందరూ అడిగి మరీ తిన్నారు.

మార్చి 19

డెంటిస్టు మళ్లీ వచ్చింది. ఈసారి నేనెవరో తెలుసు. ఆయనే చెప్పాడట, నేను పగబట్టి చేశానని. అవును, పగబట్టే చేశాను అన్నాను. తలూపింది. సంచిలోంచి అంచు విరిగిన నీలం గిన్నె తీసి బల్ల మీద పెట్టింది. ఇది మీదట కదా అంది.

నిమ్మరసం ఆఖర్న, వడ్డించాక, పైన నాలుగు చుక్కలు అని చెప్పాను. ఆయనకి మాత్రం పెట్టొద్దన్నాను.

పెట్టనంది. సొట్ట పడింది.

మార్చి 23, ఆదివారం

సూప్ చేసుకున్నాను. నీలం గిన్నెలో. బాగుంది. రెండోసారి వడ్డించుకున్నాను.

మూతి తుడుచుకున్నాను. ఎక్కడికీ వెళ్లడం లేదు.