ముందు చక్రంలో గాలి

మార్చి 3, మంగళవారం

ఈ నోటుబుక్కు క్లినిక్‌లో నర్సు ఇచ్చింది. రోజూ పొద్దున్నే మిషన్‌తో బీపీ చూసుకుని ఇందులో రాయాలట. ఒక్క అంకె రాసి మిగతా కాగితమంతా ఖాళీగా వదిలెయ్యడం నావల్ల కాదు. నేను చదివింది అయిదో తరగతి. రాయడమంటే నాకు తెలిసింది ఉత్తరం రాయడమే. అందుకని అలాగే మొదలుపెడుతున్నాను.

నేను క్షేమం. బీపీ నూట నలభై ఎనిమిది బై తొంభై. అమ్మాయి మోకాలు ఎలా ఉందో. ఆపరేషనయి నెల దాటింది. ఫోనులో బాగుందనే అంటుంది, అది బాగున్న గొంతో కాదో నాకు తెలియదా. అల్లుడికి షుగర్ తగ్గిందా. కింది వాటాలో మాస్టారి దగ్గు ఎలా ఉంది? నిన్న వినబడలేదు. వినబడితే ఒక భయం, వినబడకపోతే ఇంకో భయం. మనవరాలు నా కళ్లముందే ఉంది గనక అడగక్కర్లేదు, అయినా అడుగుతాను. నిద్ర పట్టిందా, తిన్నావా, మెల్లగా వెళ్తున్నావా. ఇక ఆఖరిది బండి. దాని ఆరోగ్యం నేనే చూస్తున్నాను.

బండంటే స్పోర్ట్స్ బైకు. మనవరాలు ఆస్పత్రి లాబ్‌లో పనిచేస్తుంది, రానూపోనూ అరవై కిలోమీటర్లు దాని మీదే. ఎక్కితే కూర్చున్నట్టుండదు, ముందుకి దూకబోతున్నట్టుంటుంది. అది వీధి మలుపు తిరిగేదాకా నేను బాల్కనీలోంచి కదలను.

మా ఆయన ముప్పై ఏళ్లు లారీ నడిపాడు. ఎండాకాలం మధ్యాహ్నం ఎక్కడ బండి ఆపినా మొదట చేసే పని, ముందు టైర్లలో కాస్త గాలి తియ్యడం. వేడికి లోపల గాలి ఉబ్బుతుంది, తియ్యకపోతే పేలుతుంది అనేవాడు. పెళ్లయిన కొత్తలో నేను క్యాబిన్‌లో పక్కన కూర్చుని ఉండగా ఒకసారి పేలింది కూడా. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలోనే కాపురముంది.

అందుకే సంక్రాంతి వెళ్లి ఎండ చురుక్కుమనడం మొదలైన దగ్గర్నుంచి, పాలప్యాకెట్టు కోసం కిందికి దిగినప్పుడు, జడపిన్నుతో బైకు ముందు చక్రం వాల్వు నొక్కి అయిదు లెక్కపెడతాను. సుయ్‌మంటుంది. నా గుండె బరువు కాస్త దిగుతుంది. బొటనవేలితో నొక్కి చూస్తే టైరు ఇంకా రాయిలాగే ఉంటుంది. మనవరాలికి చెప్పలేదు. నవ్వుతుంది. నవ్వితే నవ్వనీ, మానెయ్యమంటుంది.

మార్చి 7, శనివారం

బీపీ నూట యాభై రెండు బై తొంభై.

మనవరాలు ఇవాళ బండి ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు లేవలేదు. ఏమిటని అడిగితే టైరు అరుగుదల బాగాలేదంది. నా చెయ్యి పట్టుకుని టైరు మీద పెట్టింది. మధ్యలో గాడులు కొత్తవాటిలా ఉన్నాయి. రెండు పక్కలా మాత్రం అలలు అలలుగా, ఒక ఎత్తు ఒక పల్లం. చెయ్యి ఇటు జరిపితే నున్నగా పోతుంది, అటు జరిపితే రంపం పళ్లలా పట్టుకుంటుంది. వెనక టైరు మాత్రం బానే ఉంది. మలుపుల్లో హ్యాండిల్ బరువుగా ఉంటోందట, బండి అనుకున్న దారిలో తిరగకుండా బయటికి జారుతోందట.

ఈ నెల పదిహేనున వాళ్లమ్మ దగ్గరికి వెళ్లాలని ఉంది దానికి. ఆపరేషనయ్యాక ఇంకా చూడలేదు. మధ్యలో కొండ దారి, నలభై మలుపులని అదే చెప్పింది. మలుపులో బండి ఒరిగినప్పుడు నేల మీద ఆనేది ఈ అలలు పడ్డ పక్కలేనట. అది చెప్పకుండా ఉంటే బాగుండేది.

బండిని శుభ్రంగా కడిగి, బంకులో గాలి పట్టించి, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లింది. కళ్లజోడు మెకానిక్ అని అందరూ అనే మనిషి, నెమ్మదస్తుడు. మొదట గాలే చూశాడట. ముందు చక్రంలో ముప్పై ఆరు ఉండాలి, సరిగ్గా ముప్పై ఆరు ఉంది. అయితే గాలి కాదు, చక్రాన్ని పట్టి ఉంచే ముందు ఫోర్కుల్లో ఆయిలు పాతబడి చక్రం ఎగిరెగిరి పడుతోంది, అందుకే అలలు అన్నాడట. ఆయిలు మార్చాడు.

అమ్మయ్య అనుకున్నాను.

మార్చి 8, ఆదివారం

ఎండ మండిపోతోంది. ఇవాళ ఏడు లెక్కపెట్టాను.

మార్చి 11, బుధవారం

బీపీ చూసుకోలేదు. చూసుకుంటే ఆ అంకెకి ఇంకో భయం.

మధ్యాహ్నం మనవరాలు వచ్చి, హెల్మెట్ తియ్యకుండానే కుర్చీలో కూర్చుంది. నేను రెండుసార్లు పిలిస్తే తీసింది. మూడు గ్లాసుల నీళ్లు తాగింది.  

అప్పుడు చెప్పింది. ఫ్లైఓవర్ దిగే మలుపులో బండి ముక్కు ఊగిందట. తిప్పినా తిరక్కుండా పక్క వరసలోకి పోయిందట. ఆ వరసలో బస్సు. బస్సు డ్రైవరు బ్రేకు వేశాడు గనక ఈ మాట చెప్పడానికి ఇంటికి వచ్చిందట. అలా అని నవ్వింది. 

వేడికే అయుంటుంది. మిట్టమధ్యాహ్నం షిఫ్టు దిగి వచ్చే మనిషి. రేపటి నుంచి పది లెక్కపెడతాను.

మార్చి 12, గురువారం

క్లినిక్‌కి వెళ్లాను. నర్సు నోటుబుక్కు చూసింది, పక్కన పెట్టి తను చూస్తే నూట ముప్పై రెండు. ఇంట్లో ఎక్కువ, ఇక్కడ తక్కువ, ఏమిటీ లెక్క అంది. నేను దాచలేకపోయాను. పరీక్షకి రెండు రోజుల ముందు నుంచి ఉప్పు మానేస్తాను, గంట ముందే వచ్చి బల్ల మీద కళ్లు మూసుకుని కూర్చుంటాను. మంచి అంకె వస్తే డాక్టరు కోప్పడడు కదా.

ఆ నర్సు నా కంటే నలభై ఏళ్లు చిన్నది. "మామ్మగారూ, ముస్తాబై వస్తే రోగం నాకెలా దొరుకుతుంది? ఉన్నదున్నట్టు రండి" అంది. సిగ్గేసింది.

మార్చి 14, శనివారం

మనవరాలు మళ్లీ బండి కడిగి, గాలి పట్టించి, మెకానిక్ దగ్గరికి వెళ్లింది. మళ్లీ ముప్పై ఆరే. ఈసారి చక్రం విప్పి బేరింగులు మార్చాడట, బ్యాలెన్సు చూశాడట. ఫ్రేము ఏమైనా వంగిందేమోనని దారం కట్టి మరీ చూశాడట. ఏమీ లేదు. ఇరవై ఏళ్లలో ఒక టైరు తనని ఇంత ఆడించలేదని, కారణం దొరకందే కొత్త టైరు వేసినా దాన్నీ తినేస్తుందని అన్నాడట.

రేపటి ప్రయాణం మానేసింది. ఇరవై రెండున వెళ్తానంది. అమ్మాయి ఫోనులో ఫరవాలేదులే అంది. ఆ గొంతూ నాకు తెలుసు.

మనవరాలు దిగులుగా ఉందని, నవ్విద్దామని, నా ఉప్పు సంగతి, నర్సు అన్న మాట చెప్పాను. నవ్వింది. తర్వాత నవ్వు ఆపి నా మొహంలోకి చూసింది.

"అమ్మమ్మా, నేనూ అదే చేస్తున్నానుగా. మెకానిక్ దగ్గరికెళ్లే ముందు గాలి పట్టిస్తున్నాను. బంకువాడు కావలసిన అంకె నొక్కుతాడు, అంతకుముందు ఎంతుందో వాడూ చూడడు, నేనూ చూడను."

మురికి బండి చూపిస్తే మెకానిక్ ఏమనుకుంటాడోనన్న నామోషీ దానిది. నా మనవరాలే. ఈసారి కడక్కుండా, గాలి పట్టించకుండా, చెప్పకుండా, ఉన్నదున్నట్టు తీసుకెళ్తుందట.

మంచి ఆలోచన అన్నాను. నేనే అన్నాను.

మార్చి 17, మంగళవారం

పందొమ్మిది.

ముప్పై ఆరు ఉండాల్సిన చోట పందొమ్మిది. మనవరాలు పొద్దున్న ఇంటి నుంచి నేరుగా మెకానిక్ దగ్గరికెళ్లింది. ఆయన గాలి కొలిచే గేజి పెట్టి చూసి, నమ్మక ఇంకో గేజి తెప్పించాడట. చక్రాన్ని నీళ్ల తొట్టిలో ముంచితే ఒక్క బుడగ రాలేదు. వాల్వుకి సబ్బు నురగ రాసినా ఏమీ లేదు. టైరు మంచిది, వాల్వు మంచిది, గాలి దానంతటది పోలేదు, ఎవరో తీస్తున్నారు అన్నాడట.

మనవరాలు అరచెయ్యి మధ్యలో గుంటపడేలా వంచి చూపిస్తూ నాకు చెప్పింది. గాలి తగ్గితే టైరు మధ్యలో లోపలికి లొంగిపోతుంది, బరువంతా పక్కల మీద పడుతుంది, పక్కలు నలిగి నలిగి అలలుగా అరుగుతాయి. ఆ స్థితిలో కొండ దారి ఎక్కి ఉంటే నువ్వు నన్ను లాబ్‌లో కాదు, పై అంతస్తు వార్డులో చూసేదానివి అంది. తేలిగ్గానే అంది.

నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. 

ఇది కింది మాస్టారి పనే అంది. కిందటి నెల పార్కింగు జాగా కోసం ఆయనతో మాటా మాటా అనుకుంది కదా. కాదమ్మా, ఆయన అలాంటివాడు కాదు అన్నాను. మరెవరు అని అడిగింది. తెలియదన్నాను.

ఈ పుస్తకంలో కూడా అబద్ధం రాయకూడదు. తెలుసు.

మార్చి 18, బుధవారం

పొద్దున్నే మెట్ల మీద గొడవ. మనవరాలు మాస్టారిని నిలదీసింది. నేను పైమెట్టు మీద, చేతిలో పాలప్యాకెట్టుతో నిలబడ్డాను. ఆయన దగ్గుతూనే జవాబు చెప్పారు.

"నేను వంగితే మళ్లీ లేవలేనమ్మా. నీ చక్రం దగ్గర కూర్చుంటే నన్ను లేపడానికి నిన్నే పిలవాలి."

మనవరాలు నమ్మలేదు. కెమెరా పెడతాను, ఎవరో తేలుతుంది, తేలాక పోలీసుల దగ్గరికే వెళ్తాను అంది. ఆయన తలెత్తి నా వైపు చూశారు. ఆయన కిటికీ బండికి ఎదురుగానే ఉంటుంది. పొద్దున్న అయిదింటికే లేచే మనిషి.  తలుపు మెల్లగా వేసుకున్నారు.

 చెబితే మనవరాలు నన్ను వాళ్లమ్మ దగ్గరికి పంపేస్తుందేమో. చెప్పకపోతే ఒక ముసలాయన నా దొంగతనం మోస్తాడు. రేపు పాలకి వెళ్లకపోతే గాలి పోదు, బండి బాగుపడుతుంది, ఎవరికీ తెలియదు. ఈ ఆలోచన కూడా వచ్చింది. రాస్తున్నాను.

మార్చి 19, గురువారం

జడపిన్ను బల్ల మీద పెట్టాను. టీ గ్లాసు పక్కన.

"గాలి తీసింది నేను."

మనవరాలికి అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. ఎన్నాళ్ల నుంచి అంది. రెండు నెలలు. ఎంతసేపు అంది. మొదట అయిదు, ఈ మధ్య పది. అది లేచి వెళ్లి మొహం కడుక్కుంది. కుళాయి చాలాసేపు తెరిచే ఉంది. అరిచి ఉంటే బాగుండేది.

వచ్చి ఎందుకని అడిగింది. తాతయ్య సంగతి చెప్పాను, పేలిన టైరు సంగతి చెప్పాను. అది విని మెకానిక్‌కి ఫోను చేసింది, స్పీకరు పెట్టింది. ఆయన నన్ను తిట్టలేదు. చల్లగా ఉన్నప్పుడు చూసే అంకెలోనే తర్వాత వచ్చే వేడి లెక్క కూడా కలిపి ఉంటుందట. వేడెక్కాక గాలి తియ్యకూడదట. గాలి తక్కువైతేనే టైరు ఎక్కువ నలుగుతుంది, ఎక్కువ నలిగితేనే ఎక్కువ వేడెక్కుతుంది, అప్పుడే పేలుతుందట. పాత డ్రైవర్లు చాలామంది అలాగే తీసేవాళ్లు మామ్మగారూ అన్నాడు. బొటనవేలితో నొక్కితే పందొమ్మిదీ రాయే, ముప్పై ఆరూ రాయే అన్నాడు.

మనవరాలు నన్నే చూస్తూ, "తాతయ్య ముప్పై ఏళ్లూ అదృష్టం మీద నడిపాడన్నమాట" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. టైరు పేలిన రోజు ఆయన గాలి తీశాడు. మధ్యాహ్నం భోజనానికి ఆపినప్పుడు, నేను చూస్తుండగా, ముందు టైర్లు రెండింటికీ తీశాడు. నలభై ఎనిమిదేళ్లుగా నేను ఆ రెండూ కలిపి ఆలోచించలేదు.

సాయంత్రం ఇద్దరం కిందికి వెళ్లాం. మనవరాలు మాస్టారికి క్షమాపణ చెప్పింది. నేను చేతులు జోడించాను. చూసి కూడా ఎందుకు చెప్పలేదండీ అని అడిగాను.

"బండితో మాట్లాడుతున్నారేమో అనుకున్నానమ్మా. నేను గోడలతో మాట్లాడడం లేదూ" అన్నారు.

మార్చి 22, ఆదివారం

బీపీ నూట యాభై ఆరు బై తొంభై రెండు. ఉప్పు మానలేదు.

మూడు రోజులుగా మనవరాలు అవసరమైన మాటలే మాట్లాడుతోంది. స్నానానికి నీళ్లున్నాయి. తలుపు గడియ వెయ్యి. ఇవాళ కూడా ప్రయాణం లేదు. నా బట్టలు ఒక సంచిలో సర్దుకుని మంచం కింద పెట్టాను, వెళ్లమంటే వెళ్లడానికి సిద్ధంగా.

మధ్యాహ్నం బండి కొత్త టైరుతో వచ్చింది. మనవరాలు నన్ను కిందికి రమ్మంది. చేతిలో గేజి పెట్టింది. నా కళ్లకి కనబడేలా పెద్ద అంకెలున్నది. ఎలా పెట్టాలో చూపించింది. నేను పెడితే సుయ్‌మంది, నా చెయ్యి వెనక్కి వచ్చేసింది. ఫరవాలేదు, అంతమాత్రం పోతుంది, గట్టిగా నొక్కు అంది. మూడోసారికి వచ్చింది. ముప్పై ఆరు.

రోజూ పొద్దున్న, ఎండ పడకముందు, బండి కదలకముందు. రెండు చక్రాలూ. తక్కువైనా ఎక్కువైనా తీసే పని నీది కాదు, నాకు చెప్పే పని నీది అంది.

పైకి వచ్చాక నా సంచి చూసింది.  బట్టలు తీసి బీరువాలో పెట్టింది, ఒక్కొక్కటీ మడతపెట్టి.

మార్చి 25, బుధవారం

బీపీ నూట నలభై రెండు బై ఎనభై ఆరు.
ముందు ముప్పై ఆరు.
వెనక నలభై రెండు.

నేను చూసి ఇందులో రాసేదాకా మనవరాలు బండికి తాళంచెవి పెట్టదట. అమ్మాయికి ఫోను చేసి చెప్పేశాం. ఈ ఆదివారం, ఇరవై తొమ్మిదో తేదీ, పొద్దున్న ఆరింటికి ప్రయాణం.