పాస్‌వర్డ్ తీసేయొద్దు

తమ్ముడూ,

ఆదివారం వచ్చి కంప్యూటర్‌కి పాస్‌వర్డ్ తీసేస్తానన్నావు. భోజనానికి రా, దాని జోలికి మాత్రం వెళ్లకు.

నువ్వు బాగుచేసి వెళ్లినప్పటి నుంచి ఆన్ చేయగానే మీ బావ ఎప్పుడో పెట్టిన పాస్‌వర్డ్ అడుగుతోందని నిన్ను తెగ తిట్టుకున్నాను. జబ్బుపడ్డాక మీ బావ రోజూ నన్ను "ఎవరండీ మీరు?" అంటున్నారు. ఇప్పుడు ఈ పెట్టె కూడానా అని ఏడుపొచ్చింది. పిల్లల పేర్లు, ఇంటి నంబరు, ఆయన గడియారాల షాపు పేరు, అన్నీ కొట్టి చూశాను. ఒక్కటీ పనిచెయ్యలేదు.

నిన్న ఆయన పక్కకొచ్చి, "కాస్త జరగండి," అని ఒంటివేలితో ఏదో కొట్టారు. తెరుచుకుంది.

"ఏం కొట్టారు?" అన్నాను.

"మా ఆవిడ ముద్దుపేరు. బయటివాళ్లకు చెప్పకూడదు," అన్నారు.

ఈ పొద్దున కూడా ఆయనే తెరిచారు. ఆయన కొడుతున్నంతసేపూ నేను తల అటు తిప్పుకున్నాను.

అక్క